దూరవార్త: గార్డెన్ రీచ్ మలుపు నుండి ఆకాశవీథి వరకు

కలకత్తా నగరాన్ని ఒరుసుకొని ప్రవహించే హుగ్లీ నది ఖిదిర్‌పూర్ దాటిన తరువాత పెద్ద మలుపు తిరుగుతుంది. ఆ మలుపున ఎడమ గట్టు మీద ఉన్న పేట గార్డెన్ రీచ్. పదునెనిమిదవ శతాబ్దంలో ఆంగ్ల సంపన్నులు ఇక్కడ తోటలు వేసి, వాటి నడుమ సౌధాలు కట్టుకున్నారు. పేరులోని మొదటి మాట ఆ తోటలను బట్టి వచ్చింది. రెండవ మాట నావికులది. నదిలో ఒక వంపు నుండి మరొక వంపు వరకు తిన్నగా కనుచూపుకు అందే నీటి భాగాన్ని వారు రీచ్ అంటారు. దాని ఆవల ఏ ఓడ వస్తున్నదో, ఏ గాలి లేస్తున్నదో గట్టున నిలుచున్నవానికి తెలియదు. ఈ విధంగా మానవదృష్టి ఎంతవరకు పోగలదో, ఎక్కడ ఆగిపోతుందో ఆ పేరులోనే సూచితమై ఉన్నది.

ఈ గట్టుకు ఎన్నో దశలు గడిచాయి. రాజ్యం పోగొట్టుకొన్న అవధ్ నవాబు వాజిద్ అలీ షా 1856లో కలకత్తాకు వచ్చి, ఇక్కడి మటియాబుర్జ్‌లో స్థిరపడి, 1887లో మరణించేవరకు చిన్న లక్ష్మణపురి వంటి ఒక లోకాన్ని సృష్టించుకున్నాడు. విలాయతీ తపాలా తెచ్చే పీ అండ్ ఓ కంపెనీ పొగఓడలు ఈ రేవుననే లంగరు వేసేవి. తరువాత జనపనార మిల్లులు, ఓడల కార్ఖానాలు, డాకులు వెలిశాయి. బెంగాల్ నాగపూర్ రైల్వే తన ప్రధాన కార్యాలయాన్ని ఇక్కడనే నెలకొల్పుకున్నది. తూర్పు తీరపు రైలుమార్గంలో కటకం నుండి వాల్తేరు వరకు ఉన్న భాగం 1902లో ఆ సంస్థ అధీనానికి వచ్చిన పిమ్మట, ఉత్తరాంధ్ర స్టేషన్లలోని తంతి యంత్రాలు ఈ గార్డెన్ రీచ్ ఆజ్ఞలకు బదులు పలకసాగాయి. తెలుగు కుటుంబాలు ఖరగ్‌పూరుకు, కలకత్తాకు తరలి వచ్చినది కూడ ఆ రైలుమార్గపు ఉద్యోగాల కోసమే.

నవాబుల కథ, మిల్లుల కథ పలువురు చెప్పినవే. అంతగా చెప్పబడని కథ మరియొకటి ఉన్నది. దూరాన ఉన్నవాడు తాను చూచినదానిని, విన్నదానిని, అది జరుగుతున్న గడియలోనే ఇతరులకు అందించడానికి ఈ నదీతీరాన జరిగిన ప్రయత్నాల కథ అది. తంతితో మొదలై, తంతి లేని తరంగాల మీదుగా, ఏ జీతమూ ఆశించని ఔత్సాహిక రేడియోవాదుల చేతికి వచ్చింది.

ఆ కథకు ఆరంభ సంవత్సరం 1839. గార్డెన్ రీచ్‌కు ఎదురుగా, నదికి ఆవలి గట్టున శివపురపు బొటానికల్ గార్డెన్ ఉన్నది. కలకత్తా వైద్య కళాశాలలో రసాయనశాస్త్రం బోధిస్తున్న విలియం బ్రూక్ ఓషాగ్నెస్సీ అనే వైద్యుడు ఆ సంవత్సరం ఏప్రిల్‌లో ఆ తోట సమీపంలో వెదురు గుంజలు నాటించి, వాటి మీద ఇనుప తీగెను వరుసలు వరుసలుగా లాగించాడు. మొత్తం తీగె పొడవు 21 మైళ్ళు. అందులో 7,000 అడుగుల మేర విద్యుత్తు నది నీటి గుండానే ప్రవహించింది. అటు కొసన పంపిన సంకేతాన్ని ఇటు కొసన ఉన్నవాడు చేతివేలికి జిల్లుమని తగిలే స్పర్శ వలన గుర్తించేవాడు. నాటి లోకానికి ఇది వింతగా తోచింది. ఆ ప్రయోగ వివరాలు ఆ సంవత్సరమే ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడ్డాయి.

అదే 1839లో, నవంబరు మాసంలో, గోదావరీ ముఖద్వారాన ఉన్న కోరంగి రేవు మీద ఘోరమైన తుఫాను విరుచుకు పడింది. ఓడలు కట్టడానికీ బాగుచేయడానికీ పేరుగన్న ఆ రేవును సముద్రపు ఉప్పెన ముంచివేసింది. కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్ అనే మాజీ నావికుడు ఆ తుఫానును గూర్చి పరిశోధనకు పూనుకున్నాడు. అతని పద్ధతి సరళమైనది. ఆ దినాలలో బంగాళాఖాతంలో ప్రయాణించిన ఓడల దినచర్య పుస్తకాలను సంపాదించాలి. ఏ ఓడ, ఏ గంటకు, ఎక్కడ ఉన్నది, గాలి ఏ దిక్కునుండి వీచింది, వాయుభారమాపకంలో పాదరసం ఎంతకు దిగింది అన్న వివరాలను పటం మీద గుర్తించాలి. ఇలా గుర్తించగా గాలి వలయాకారంగా తిరుగుతూ ముందుకు సాగినట్లు స్పష్టమయింది. అట్టి గాలివానకు అతడు పెట్టిన సైక్లోన్ అన్న పేరు 1848లో వెలువడిన నావికుల కరదీపిక ద్వారా లోకమంతటా వ్యాపించింది. కోరంగి తుఫానును గూర్చి అతడు రాసినది కూడ అదే సొసైటీ పత్రికలో వచ్చింది.

పిడింగ్టన్ చేతికి వచ్చిన వార్తలన్నీ సత్యమైనవే. కాని ప్రతిదీ ఆలస్యంగా వచ్చినదే. ఓడలు రేవులు చేరి, పుస్తకాలు చేతులు మారి, అక్షరాలు ఆరిపోయిన తరువాత తుఫాను స్వరూపం తెలిసింది. అప్పటికి కోరంగిలో శవాలు కూడ మిగలలేదు. అదే ఏడు, అదే నగరంలో, ఓషాగ్నెస్సీ తీగె దూరవార్త వేళకు చేరగలదని నిరూపించింది. ఒకరి వద్ద వార్త ఉన్నది, మరొకరి వద్ద వేగం ఉన్నది. ఆ రెంటికీ పొత్తు కుదరడానికి మరి పాతికేళ్ళు పట్టింది.

మొదట పొత్తు కుదిరినది వర్తకంతోను, యుద్ధంతోను. 1850లో ఆరంభమైన కలకత్తా డైమండ్ హార్బరు తంతి మార్గం మరుసటి సంవత్సరం పనిలోకి వచ్చింది. డైమండ్ హార్బరు నుండి దానిపై మొదటి సందేశం పంపినవాడు శివచంద్ర నంది అనే వంగీయుడు. ఆ మార్గాన్ని నదికి అడ్డంగా దాటించి, సముద్రానికి చేరువగా ఉన్న ఖెజురి వరకు పొడిగించారు. నదీముఖంలో ఓడ కనబడగానే దాని పేరు కలకత్తాకు చేరసాగింది. 1852 ఏప్రిల్‌లో రంగూను కోట పట్టుబడిన వార్తను మోసుకొని ర్యాట్లర్ అనే పొగఓడ నదీముఖానికి రాగా, ఓడ ఇంకా అక్కడ ఉండగానే వార్త తంతి మీద నగరానికి చేరి గవర్నర్ జనరల్ డల్హౌసీ చేతిలో పడింది. దేశమంతటా తంతి వేయాలన్న అతని పట్టుదలకు ఇట్టి అనుభవం బలమిచ్చింది. గార్డెన్ రీచ్‌లో తపాలా ఓడకై ఎదురుచూచేవారికి ఇక నది వంపు వద్ద పొగ కనబడేవరకు కళ్ళు కాయలు కాయనవసరం లేకపోయింది.

అయినా తుఫాను విషయంలో మాత్రం ఎవరూ మేలుకొనలేదు. 1864 అక్టోబరు 5న వచ్చిన గాలివాన హుగ్లీలోని ఓడలను లంగరులు తెంచి గట్ల మీదికి విసిరింది. ఉప్పెనకు దాదాపు 60,000 మంది బలి అయ్యారు. నెల తిరగకముందే, నవంబరు 1న, మరియొక తుఫాను మచిలీపట్నాన్ని ముంచింది. అక్కడ దాదాపు 30,000 మంది ప్రాణాలు పోయాయి. ఆ రెండు దెబ్బల తరువాతనే, 1865లో, కలకత్తా రేవుకు తుఫాను హెచ్చరిక పద్ధతి ఏర్పడింది. తీరపు కేంద్రాలలో వాయుభారం, గాలి గమనించి తంతిపై పంపితే, రేవున హెచ్చరిక చిహ్నం ఎగురుతుంది. పిడింగ్టన్ గుణించిన వివరాలు, ఓషాగ్నెస్సీ నిరూపించిన వేగం ఈ విధంగా ఒకటి అయ్యాయి. భారత వాతావరణ శాఖ 1875లో వెలసింది.

అయితే తంతి ప్రభుత్వపు సొత్తు. దాని మీద పోయే ప్రతి మాటకు వెల ఉన్నది. పైగా తీగె ఎక్కడ ఆగితే వార్త అక్కడ ఆగుతుంది. సముద్రం మీద ఉన్న ఓడకు తీగె కట్టడం ఎవరి తరం? ఆ ప్రశ్నకు ఉత్తరం కూడ ఈ నగరంలోనే తలయెత్తింది. జగదీశచంద్ర బసు 1895లో కలకత్తా టౌన్‌హాలులో విద్యుదయస్కాంత తరంగాలను గోడల గుండా పంపి, దూరాన గంట మోగించి, తుపాకిమందు పేల్చి సభాసదులను చకితులను చేశాడు. 1902లో హుగ్లీ ముఖాన ఉన్న సాగర ద్వీపానికీ, దాని ఆవల బహిస్సముద్రంలో పైలట్ ఓడలు కాచుకొనివుండే సాండ్‌హెడ్స్‌కూ నడుమ తంతిరహిత వార్తాసౌకర్యం ఏర్పడింది. గార్డెన్ రీచ్‌కు రాదలచిన ఓడ గమనం ఇక తీరం కనబడకముందే తెలియసాగింది.

ఇంతవరకు దూరవార్తకు రేవు, సైన్యం, వర్తకం యజమానులు. ఏ యజమానీ లేని వార్తాహరుడు 1921లో వచ్చాడు. ఆ సంవత్సరం అమరేంద్రచంద్ర గుప్తు అనే వంగీయునికి 2జెకె అనే పిలుపు గుర్తుతో ఔత్సాహిక రేడియో అనుమతి లభించింది. భారతదేశపు మొదటి ఔత్సాహిక రేడియోవాదిగా చరిత్రకెక్కినవాడు ఆయనే. తరువాత 2హెచ్‌క్యూ అన్న గుర్తుతో ముకుల్ బోస్ రెండవవాడు కాగా, దేశంలో తొలి ఇరువైపుల ఔత్సాహిక సంభాషణ సాధ్యమయింది. ఒకే ఒక్కడు అనుమతి పొందినప్పుడు అతని పిలుపు శూన్యంలో కలిసిపోతుంది. రెండవవాడు విని, విన్నానని చెప్పినప్పుడే అది వార్త అవుతుంది. ఈ విద్యకు మూలసూత్రం ఇదే.

అదే 1921 డిసెంబరులో భూగోళానికి మరొక దిక్కున ఒక పరీక్ష జరిగింది. ఔత్సాహికులకు నాటి ప్రభుత్వాలు 200 మీటర్లు, అంతకు తక్కువ పొడవుగల తరంగాలను వదలివేశాయి. దూరప్రయాణానికి అవి పనికిరావని నిపుణుల నమ్మకం. అమెరికా ఔత్సాహికులు ఆ నమ్మకాన్ని పరీక్షించదలచి పాల్ గాడ్లీ అనే తమ నిపుణుణ్ణి స్కాట్లండులోని ఆర్డ్రాసన్‌కు పంపారు. సముద్రపు గట్టున, డేరాలో, చలికి వణుకుతూ అతడు చెవికి శ్రవణయంత్రం తగిలించుకొని కూర్చున్నాడు. అట్లాంటిక్ ఆవల నుండి ఒక్కొక్క పిలుపు గుర్తు వినవచ్చింది. విన్న క్షణాన్ని, విన్న గుర్తును రాసుకొని తిరిగి తెలియజేయడమే అతని పని. పంపినవారి గొప్పదనం వెలుగులోకి వచ్చింది విన్నవాని చీటీ వలన. 1924 అక్టోబరు 18న న్యూజీలాండులోని ఫ్రాంక్ బెల్, లండను సమీపంలోని మిల్ హిల్ పాఠశాల విద్యార్థి సెసిల్ గోయ్‌డర్ పరస్పరం సంభాషించడంతో భూగోళపు రెండు కొసలు కలిశాయి. ఆ గోయ్‌డర్‌ యే 1936లో ఆలిండియా రేడియో ప్రధాన ఇంజనీరుగా వచ్చి, ఈ దేశపు హ్రస్వతరంగ ప్రసారానికి పునాదులు వేశాడు.

పనికిరాదనుకున్న తరంగం అంత దూరం ఎట్లా పోయింది? ఉత్తరం ఆకాశంలో ఉన్నది. సూర్యకిరణాల తాకిడికి గాలిలోని అణువులు విడివడి, భూమికి సుమారు 100 కిలోమీటర్ల ఎత్తున ఒక పొర, అంతకు రెండు మూడు రెట్ల ఎత్తున మరొక పొర విద్యుత్స్వభావాన్ని పొందుతాయి. హ్రస్వతరంగాలను అవి క్రిందికి వంచుతాయి. వంగిన తరంగం నేలను తాకి, తిరిగి లేచి, అంచెలంచెలుగా సముద్రాలు దాటుతుంది. ఈ పొరలను గూర్చిన పరిశోధనలో కలకత్తా విశ్వవిద్యాలయానికి చెందిన శిశిరకుమార మిత్ర అగ్రగణ్యుడు. క్రింది పొర ఉనికికి 1930లో ఆయన బృందం కలకత్తాలో ప్రయోగపూర్వకమైన ఆధారం చూపింది. ఊర్ధ్వ వాయుమండలంపై ఆయన రచించిన మహాగ్రంథం 1947లో వెలువడింది. దానిని ప్రచురించినది కూడ ఏషియాటిక్ సొసైటీయే. ఓషాగ్నెస్సీ తీగె, పిడింగ్టన్ తుఫాను, మిత్ర ఆకాశం ఒకే సంస్థ పుటలకెక్కడం నగరానికి దక్కిన అరుదైన భాగ్యం.

ఆ పొరలు స్థిరమైనవి కావు. సూర్యోదయంతో బలపడతాయి, సూర్యాస్తమయంతో సడలుతాయి. ఋతువును బట్టి, సుమారు పదకొండేళ్ళకొకసారి పెరిగి తరిగే సూర్యుని మచ్చలను బట్టి మారుతుంటాయి. సూర్యునిలో ఒక విస్ఫోటనం జరిగితే దారులన్నీ కొన్ని నిమిషాలలో మూసుకొనిపోవచ్చు. పసిఫిక్ మహాసముద్రంలోని ఒక చిన్న ద్వీపం కలకత్తాలో సంధ్యవేళ పావుగంట మాత్రం వినిపించి, మరునాడు అసలే వినిపించకపోవచ్చు. కనుక దూరకేంద్రాన్ని గూర్చిన వార్త పూలదండ వంటిది. అప్పటికప్పుడు అందితేనే పరిమళం.

తొలిదినాలలో అట్టి వేగం లేదు. ఔత్సాహికుల పత్రికలు తాము విన్న పిలుపు గుర్తుల జాబితాలను నెలనెలా అచ్చువేసేవి. సంభాషణ ముగిసిన తరువాత ఒకరికొకరు పోస్టుకార్డులు పంపుకొనేవారు. వాటిని క్యూఎస్ఎల్ కార్డులంటారు. తేదీ, గంట, తరంగం, వినికిడి తీరు ఆ కార్డు మీద ఉంటాయి. వినికిడిని కొలవడానికి 1934లో మూడంకెల పద్ధతి వచ్చింది: మాట ఎంత స్పష్టం, ధ్వని ఎంత బలం, మోర్స్ నాదం ఎంత శుద్ధం. ఏ ఓడ, ఎక్కడ, ఎప్పుడు, ఏ గాలి అన్న పిడింగ్టన్ ప్రశ్నలే ఇక్కడ వేషం మార్చుకొని వచ్చినట్లు కనిపిస్తాయి. అయితే ఆ కార్డులు కూడ ఓడల పుస్తకాల వలెనే ఆలస్యంగా చేరేవి. సముద్రాలు దాటి కార్డు వచ్చేసరికి ఆకాశంలో ఆ దారి ఎప్పుడో మూతపడి ఉండేది.

తక్షణమే చెప్పుకోవాలన్న ఆరాటం క్రమంగా మార్గాలు వెదికింది. ఒకే ఊరివారు ఒక తరంగాన్ని నిర్ణయించుకొని, అరుదైన కేంద్రం వినిపించగానే అక్కడ ప్రకటించుకొనేవారు. అర్ధరాత్రి టెలిఫోను మోగించి మిత్రుణ్ణి నిద్రలేపేవారు. 1980ల చివరిలో అమెరికా ఔత్సాహికుడు డిక్ న్యూయెల్ కంప్యూటర్లను రేడియో ద్వారానే ఒకదానితో ఒకటి జతపరచే ఏర్పాటు రూపొందించాడు. దాని పేరు ప్యాకెట్‌క్లస్టర్. ఒకడు తాను విన్నది టైపు చేస్తే, ఆ గుత్తిలో చేరిన వారందరి తెరల మీదా అది ఒకేసారి మెరుస్తుంది. విన్నవాని గుర్తు, వినిపించినవాని గుర్తు, తరంగసంఖ్య, ప్రపంచ కాలమానంలో గంట, క్లుప్తమైన ఒక మాట: ఇంతే ఆ వార్త స్వరూపం. ఒక్క పంక్తికి మించదు. అనంతరం ఇంటర్నెట్టు ఆ గుత్తులన్నిటినీ ఒక్కటి చేసింది. నేడు కలకత్తాలో విన్న కేంద్రాన్ని గూర్చి కాకినాడలో ఉన్నవానికి, కెనడాలో ఉన్నవానికి కొన్ని లిప్తల తేడాతో తెలుస్తుంది.

మరి కొందరు మనిషి చెవి కోసం ఎదురుచూడని ఏర్పాట్లు చేశారు. ప్రపంచం నలుమూలలా పద్దెనిమిది కేంద్రాలు వంతులవారీగా ఒక్కొక్కటి పది సెకండ్లు పలికేటట్లు, మూడు నిమిషాలలో ఆవృత్తి పూర్తి అయ్యేటట్లు ఒక సంకేతమాల ఏర్పడింది. వాటిలో ఒకటి శ్రీలంకలోనిది. ప్రతి కేంద్రం మొదట తన పేరు చెప్పి, నాలుగు దీర్ఘనాదాలను 100 వాట్ల నుండి పది వాట్లకు, ఒక వాటుకు, వాటులో పదవ వంతుకు తగ్గిస్తూ పంపుతుంది. చివరి నాదం కూడ వినబడితే ఆ దిక్కు దారి బాగా తెరచుకొని ఉన్నదని అర్థం. 2008లో రెండు విశేషాలు జరిగాయి. వినిపించిన మోర్స్ పిలుపులన్నిటినీ యంత్రమే గుర్తించి ప్రకటించే శ్రవణకేంద్రాల వల ఒకటి ఏర్పడింది. భౌతికశాస్త్రంలో 1993 నోబెల్ బహుమతి గ్రహీత, స్వయంగా ఔత్సాహికుడు అయిన జోసెఫ్ టైలర్ అత్యల్ప శక్తితో పంపిన సంకేతాన్ని సైతం పట్టి నమోదుచేసే పద్ధతిని రూపొందించాడు. వేలాది గృహాలలోని యంత్రాలు ఇలా ప్రకటించే వివరాలు ఊర్ధ్వాకాశాన్ని పరిశోధించే శాస్త్రజ్ఞులకు కూడ ఉపకరిస్తున్నాయి. శిశిరకుమార మిత్ర ప్రయోగశాల ఇంటింటికీ విస్తరించినట్లయింది.

ఈ సౌకర్యం వలన కొన్ని చిక్కులు కూడ వచ్చాయి. ఒక మారుమూల దీవిలో చిన్న యంత్రంతో కూర్చున్నవాని గుర్తు క్లస్టర్‌లో కనబడగానే వందలమంది ఒక్కసారిగా అతన్ని పిలుస్తారు. ఆ కోలాహలంలో అతని సన్నని నాదం మునిగిపోతుంది. కొందరు తామే వినకుండా ఇతరులు ప్రకటించిన దానిని నమ్మి పిలుస్తారు. ఒక అక్షరం పొరపాటుగా టైపు చేస్తే, ఆ తప్పు గుర్తు ఎందరి దినచర్యలలోనో చేరుతుంది. బుద్ధిపూర్వకంగా అబద్ధపు వార్త వేసేవారు కూడ లేకపోలేదు. గంటలకొద్దీ తరంగాల మీద వెదకి, రొదలో నుండి ఒక పిలుపును ఏరుకొనే పాతతరం నైపుణ్యం నశిస్తున్నదని పెద్దల ఆవేదన. చెవి పనిని తెర చేస్తే మిగిలేది ఏమిటని వారు అడుగుతారు.

ఈ ఆవేదనను తోసివేయడానికి వీలులేదు. కాని చరిత్రను చూస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. వార్తను అందరితో పంచుకొన్నందుకు నష్టపడినది పంచుకొన్నవాడే. అరుదైన కేంద్రం వినిపించినప్పుడు మౌనంగా ఉంటే పోటీ తక్కువ, తన పిలుపుకు బదులు రావడం సులభం. అందరికీ చెప్పితే తానే వెనుకబడవచ్చు. అయినా చెప్పేవారే ఎక్కువమంది అయినందువలననే ఈ వ్యవస్థ నిలిచింది. పరిపాటిగా పెద్దలు నేర్పే మర్యాద కూడ ఇదే: నీవు స్వయంగా విన్నదే ప్రకటించు, గుర్తును రెండుసార్లు సరిచూచుకో, వీలయితే ముందు నీవు సంభాషణ ముగించి ఆ తరువాతనైనా తప్పక చెప్పు. ధనాపేక్షతో యంత్రాన్ని వాడరాదన్న నియమం అనుమతి పత్రంలోనే ఉన్నది. తంతికి లేని స్వభావం దీనికి అక్కడ నుండి వచ్చింది.

వార్త పంచుకొనడమే నేరమైన కాలం కూడ ఒకటి వచ్చింది. 1939లో యుద్ధం ఆరంభం కాగానే ఔత్సాహికులు తమ ప్రసార యంత్రాలను పోలీసులకు అప్పగించవలసిందని ఉత్తరువులు వచ్చాయి. 1942లో బొంబాయిలో ఉషా మెహతా, ఆమె సహచరులు నడిపిన రహస్య కాంగ్రెస్ రేడియోకు యంత్రసహాయం ఔత్సాహికుల నుండే లభించింది. ఆ కేంద్రం ఎక్కడ నుండి పలుకుతున్నదో చెవి యొగ్గి పట్టుకొనడం అప్పుడు పోలీసుల పని. వారు ఆ నవంబరు 12న దానిని చేజిక్కించుకున్నారు. దూరకేంద్రాన్ని విని గుర్తించే విద్య మిత్రుని చేతిలో ఒక విధంగా, పాలకుని చేతిలో మరొక విధంగా పనిచేస్తుందని అది చూపింది. యుద్ధానంతరం 1946 నుండి అనుమతులు తిరిగి లభించాయి. 1948 మే 15న మౌలోని సిగ్నల్స్ విద్యాలయంలో భారత ఔత్సాహిక రేడియో క్లబ్బు స్థాపితమయింది. అప్పటికి దేశమంతటా అనుమతిగల వారు దాదాపు 50 మంది మాత్రమే.

ఆ కొద్దిమంది నుండి పెరిగిన సమాజం ఎంత విలువైనదో బంగాళాఖాతమే పరీక్షించింది. హైదరాబాదులో 1983లో స్థాపితమైన జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ తరఫున భారతీ ప్రసాద్ నాయకత్వాన ఒక బృందం 2004 డిసెంబరులో అండమాను దీవులకు వెళ్ళింది. 1987 తరువాత ఆ దీవుల నుండి ఔత్సాహికుల పిలుపు వినబడలేదు. ప్రపంచంలోని ఔత్సాహికులందరూ ఎదురుచూచే అరుదైన స్థలాలలో అది ఒకటి. పోర్ట్ బ్లెయిర్ నుండి ఆ బృందం పలకగానే వారి గుర్తు క్లస్టర్‌ల మీద ఖండఖండాంతరాలకు ప్రాకింది. రాత్రింబవళ్ళు వేలకొద్దీ సంభాషణలు సాగాయి. అది అప్పటికి క్రీడ, ఉత్సవం.

డిసెంబరు 26 ఉదయం సుమాత్రా సమీపాన భూమి కంపించింది. సముద్రం దీవుల మీదికి లేచింది. టెలిఫోనులు మూగవోయాయి, విద్యుత్తు ఆగిపోయింది. భారతీ ప్రసాద్ బృందం ఉత్సవాన్ని ఆ క్షణమే చాలించి, అదే యంత్రంతో దీవుల స్థితిని ప్రధానభూమికి తెలుపనారంభించింది. బృందంలో కొందరు కార్ నికోబారుకు వెళ్ళి అక్కడ మరొక కేంద్రం నెలకొల్పారు. ఎవరు క్షేమం, ఎవరి జాడ తెలియదు, ఎక్కడ మందులు కావాలి అన్న మాటలు తరంగాల మీద సాగిపోయాయి. నిన్నటివరకు పోర్ట్ బ్లెయిర్ పిలుపును పట్టుకోవడానికి పోటీపడినవారు నేడు ఆ తరంగాన్ని ఖాళీగా ఉంచి చెవులు రిక్కించారు. అంతకు ముందు మూడు వారాలుగా ఆ కేంద్రం ఏ వేళకు ఎక్కడ వినిపిస్తుందో లోకమంతటా ప్రకటితమై ఉండడం ఆపద్వేళ ఎంత ఉపకరించిందో ఊహించవచ్చు. తీరిక వేళ సరదాగా చేసిన అభ్యాసమే అప్పుడు పనికివచ్చింది.

1839లో కోరంగి మునిగిన వార్త కలకత్తాలో పటంగా మారడానికి మాసాలు పట్టింది. 1864లో మచిలీపట్నానికి ముందుగా చెప్పినవారు లేరు. 2004లో అదే సముద్రపు ఉప్పెన వార్తను అదే సముద్రం మధ్య నుండి తెలుగుదేశపు సంస్థ పంపిన ఒక స్త్రీ ఆ గడియలోనే పలికింది. ఉప్పెనను ఆపగల శక్తి ఏ తరంగానికీ లేదు. కాని దీవిలో బ్రతికి ఉన్నవాని మాట ఆనాడే ఒడ్డుకు చేరింది.

నేడు ప్రతి సంవత్సరం మకర సంక్రాంతికి సాగర ద్వీపంలో లక్షలాది యాత్రికులు గుమికూడుతారు. పశ్చిమ బెంగాల్‌కు చెందిన ఔత్సాహిక రేడియోవాదులు ఆ జనసముద్రంలో తప్పిపోయిన వృద్ధులను, మతి చెదిరినవారిని చేరదీసి, వారి మాట తీరును బట్టి ఏ రాష్ట్రమో గ్రహించి, ఆ ప్రాంతపు ఔత్సాహికులకు కబురందించి, ఇల్లు చేర్చే పని చేస్తున్నారు. 1902లో ఓడల గమనం తెలుపడానికి తంతిరహిత యంత్రం పలికినది ఈ దీవినుండే. ఇప్పుడు అక్కడ నుండి వెళ్ళే వార్త ఒక ముసలమ్మ పేరు, ఆమెకు జ్ఞాపకమున్న ఒక ఊరి పేరు. విన్నవాడు విన్నానని బదులు పలికేవరకు పంపినవాడు యంత్రం వద్ద నుండి లేవడు. అక్కడి నుండి పైకి వచ్చే ఓడలు గార్డెన్ రీచ్ మలుపు ముందుగానే నేటికీ సాగిపోతూ ఉంటాయి.